"విల్" అను చిన్న మాట



ఇంగ్లీషు భాషలో "విల్" అను చిన్న మాట యొకటి కలదు. ఇంగ్లీషు చదువని మన పల్లెవారికి కూడ ఇది క్రొత్త మాట కాదు. తండ్రి తన పొలమును బిడ్డలకు వ్రాసియిచ్చు కాగితమును మనము "వీలునామా" అనుచున్నాము. అందులోని "వీలు" మన తెలుగు వీలు కాదు. అది ఈ ఇంగ్లీషు మాటయే. "నామా" అనగా వ్రాతపత్రము, అది పారసీ భాషనుండి వచ్చినది. త్రాగుడు మానలేని వానిని చూచి, "వానికి విల్‌పవర్ లేదు" అని పట్టణమున చదువుకొను మన పిల్లలు చెప్పుదురు. అంగడిని అమ్మువాడు సరకుతోపాటు దాని మంచిపేరునకు కూడ వెలకట్టి, దానిని "గుడ్‌విల్" అనును. రేపు జరుగబోవు దానిని చెప్పుటకు బడిలో మన పిల్లలు నేర్చుకొను మాటయు ఇదే.

ఒకే మాట రేపటి దినమును చెప్పును, కోరికను చెప్పును, మనోబలమును చెప్పును, మరణశాసనమును చెప్పును. ఇన్ని అర్థములు ఇంత చిన్న మాటలో ఎట్లు ఇమిడినవి? ఇది పండితులు ప్రొద్దుపుచ్చుటకు అడుగు ప్రశ్నవలె కనబడవచ్చును. అయితే ఈ అర్థములన్నిటి వెనుక మనలో ప్రతివాడును జవాబు చెప్పవలసిన ప్రశ్న యొకటి నిలిచియున్నది. అదేమనగా, నా జీవితములో ఎవరి చిత్తము జరుగుచున్నది?

1. కోరిక రేపటిలో దాగియున్నది

ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాటకు "కోరుట" అనియే అర్థము. కోరినవాడు ఆ పని చేయును గదా అను తలంపుతో, కాలక్రమమున అదే మాటను భవిష్యత్కాలమునకు వాడసాగిరి. ఈలాగున కోరిక రేపటిలోనికి ప్రవేశించి అక్కడ దాగుకొన్నది. ఆ పాత అర్థము నేటికిని అప్పుడప్పుడు తల యెత్తుచుండును. తలుపు బిగుసుకొని ఎంత నెట్టినను రానప్పుడు ఇంగ్లీషువారు ఈ మాటనే వాడి, తెరుచుకొనుటకు తలుపునకే ఇష్టము లేనట్లు చెప్పుదురు. మనము మాత్రము అట్లనమా? "మేకు రానంటున్నది", "ఎద్దు కదలనంటున్నది", "వాన కురవనంటున్నది" అనుచున్నాము గదా! మనుష్యుడు మేకునందును మేఘమునందును ఒక ఇష్టమును చూచుచున్నాడు. ఏలయనగా తనలో అనుక్షణము ఒక ఇష్టము పనిచేయుచున్నదని వానికి తెలియును.

1653వ సంవత్సరమున జాన్ వాలిస్ అను పండితుడు ఇంగ్లీషు వ్యాకరణమును లాటిను భాషలో వ్రాసెను. అందులో రాబోవు కాలమును తెలుపు "షల్", "విల్" అను రెండు మాటలకుగల భేదమును వివరించెను. "నేను" అని చెప్పునప్పుడు "షల్" జరుగబోవు దానిని మాత్రము తెలుపును. "విల్" అన్నచో అది మాట యిచ్చుట గాని బెదిరించుట గాని యగును. ఇతరులను గూర్చి చెప్పునప్పుడు ఈ నియమము తారుమారగును. ఇంగ్లీషు బడులలో దీనిని నేర్పుటకు ఒక పాత హాస్యకథ చెప్పెడివారు. ఆ భాష సరిగా రాని పరదేశి యొకడు నీటిలో పడి, "నేను మునిగిపోవుచున్నాను, నన్ను రక్షించువాడు లేడు" అని కేకవేయబోయి ఈ రెండు మాటలను తారుమారు చేసెనట. గట్టుమీదివారికి అది, "నేను మునిగియే తీరుదును, ఎవడును నన్ను రక్షింపకూడదు" అని వినబడెను. వారు అతని కోరికను మన్నించి ఊరకుండిరట.

ఇప్పుడు ఆ భేదము వాడుకలో చాలవరకు మరుగుపడినది. అయినను ఆ కథను విని నవ్వి ఊరకుండవద్దు. మునిగిపోవుచు, రక్షింపవద్దని కేకవేయువారు లోకములో లేరా? యెరూషలేమును చూచి మన ప్రభువు విలపించిన సంగతి మీకు తెలియును (మత్తయి 23:37). 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఆ వచనమునందు ఈ మాటయొక్క భూతకాల రూపము రెండుసార్లు వచ్చును. ప్రభువు వారిని చేర్చుకొన కోరెను, వారు కోరలేదు. కోడి రెక్కలు చాపియున్నది, పిల్లలు రామన్నవి. అచ్చట ఆయనకు శక్తి లేకపోలేదు, ప్రేమ లేకపోలేదు. రెండు చిత్తములు ఎదురెదురుగా నిలిచినవి. మనుష్యుని చిత్తము "కాదు" అన్నది. దేవుడు మనుష్యునికి ఇచ్చిన ఈ స్వేచ్ఛ ఎంత గొప్పదో, ఎంత భయంకరమైనదో ఇందువలన గ్రహింపవలెను.

2. "వెళ్ళివస్తాను"

మన తెలుగువారు ఇల్లు విడిచి బయలుదేరునప్పుడు "పోతాను" అనరు, "వెళ్ళివస్తాను" అందురు. ఎవడైన నోరుజారి "పోతాను" అన్నచో, ఇంటిలోని పెద్దామె, "అదేమి మాట నాయనా, వెళ్ళొస్తానను" అని దిద్దును. ఈ మాటలో ఎంత ఆప్యాయత యున్నది! అయితే వెళ్ళువాడు తిరిగి వచ్చుట వాని చేతిలో ఉన్నదా? వెళ్ళుట వాని వశము, వచ్చుట దేవుని వశము. "తానొకటి తలచిన దైవమొకటి తలచును" అని మన పెద్దలు అనుభవముతో చెప్పిరి.

యాకోబు తన పత్రిక నాలుగవ అధ్యాయములో కొందరు వర్తకులను గూర్చి వ్రాసెను. ఫలాని పట్టణమునకు పోవుదుము, అక్కడ ఒక సంవత్సరముండి వ్యాపారము చేసి లాభము గడించెదము అని వారు లెక్కలు వేసికొనిరి. లెక్క వేయుట తప్పని యాకోబు చెప్పలేదు. విత్తనము వేయువాడు కోతను గూర్చి తలంపకుండ ఎట్లుండును? వారి ప్రణాళికలో అన్నిటికిని చోటున్నది, ప్రభువునకు మాత్రము చోటులేదు. అదియే వారి తప్పు. కాబట్టి ప్రభువు చిత్తమైతే బ్రదికి ఈ పని చేయుదుమని చెప్పుకొనుడని ఆయన నేర్పెను. ఇందునుబట్టియే పాశ్చాత్య క్రైస్తవులు తమ ఉత్తరములలో "దేవుని చిత్తమైతే" అను అర్థముగల రెండు లాటిను మాటల మొదటి అక్షరములను "డి. వి." అని వ్రాసెడివారు. మనమును పెండ్లి పత్రికలలో, కూటముల కరపత్రములలో "ప్రభువు చిత్తమైతే" అని అచ్చువేయించుచున్నాము.

ఇది మంచి ఆచారము. అయితే ఆచారము నోటికి అలవాటైనప్పుడు హృదయమునకు దూరమగును. వరకట్నము అంతయు మాటలాడుకొని, ఋణపత్రము వ్రాసి, పందిరి వేసి, తుదకు పత్రికలో "ప్రభువు చిత్తమైతే" అని చేర్చినయెడల, మనము ఆయన చిత్తమును అడిగినట్లగునా? అంతయు ముగిసిన తరువాత ఆయనను సాక్షి సంతకము చేయుమని పిలిచినట్లే యగును. ప్రభువు చిత్తము పత్రికకు చివర చేర్చు వరుస కాదు. పత్రిక వ్రాయుటకు ముందు మోకాళ్ళూని అడుగవలసిన సంగతి.

3. తలంపునకును చేతకును మధ్య

ఈ మాటకున్న మరియొక అర్థము మనోబలము. మంచిది ఏదో మనకు తెలియదా? చాలసార్లు బాగుగ తెలియును. మంచిని కోరనే కోరమా? కోరుదుము. అయినను చేయము. రోమా పత్రిక ఏడవ అధ్యాయములో పౌలు తన లోపలి పోరాటమును దాచకుండ చెప్పెను. మేలైనది కోరుట అతనిలో ఉన్నది గాని దానిని చేయుట కనబడలేదు. ఆయనకు మూడువందల సంవత్సరములకు పైగా గడచిన తరువాత అగస్టీను అను భక్తుడు తన "ఒప్పుకోలు" అను గ్రంథము ఎనిమిదవ భాగములో ఇదే చిక్కును పరిశీలించెను. మనస్సు చేతికి ఆజ్ఞాపించినచో చేయి వెంటనే కదలును. అదే మనస్సు తనకు తానే ఆజ్ఞాపించుకొనినచో లోబడదు. ఇదేమి వింత అని ఆయన అడిగెను. ఆయన కనుగొన్న జవాబు ఇది: ఆజ్ఞాపించు మనస్సు పూర్తిగా కోరుటలేదు. సగము కోరుచున్నది, సగము వద్దనుచున్నది. యౌవనమందు తాను పవిత్రతకొరకు ప్రార్థించుచునే, అది అప్పుడే వచ్చునేమో అని భయపడితినని కూడ ఆయన ఒప్పుకొనెను.

ప్రియులారా, మన ప్రార్థనలలో ఇట్టివి ఎన్ని గలవు! "ఈ సంక్రాంతి పోనీయండి అయ్యగారూ, ఆ తరువాత త్రాగుడు ముట్టను" అని చెప్పు సహోదరుడు అబద్ధము చెప్పుటలేదు. వాడు నిజముగనే కోరుచున్నాడు. అయితే సగమే కోరుచున్నాడు. వానిని మనోబలము లేనివాడని ఎగతాళి చేయుటవలన ప్రయోజనములేదు. సగము చిత్తమును పూర్ణచిత్తముగా చేయుట మనుష్యుని వలన కాదు. మీరు కోరుటయు చేయుటయు రెండును మీలో దేవుడే కలుగజేయుచున్నాడని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను గదా (2:13). 1524, 1525 సంవత్సరములలో ఎరాస్మస్ అను పండితుడును మార్టిన్ లూథరును మనుష్యుని చిత్తము స్వేచ్ఛగలదా, బంధింపబడినదా అని గొప్ప వాదము చేసిరి. ఆ వాదము లోతులోనికి ఇప్పుడు దిగనక్కరలేదు. సంకెళ్ళలో ఉన్నవాడు మొదట చేయవలసినది తాళపుచెవి గలవానిని పిలుచుట.

మత్తయి 21వ అధ్యాయములోని ఇద్దరు కుమారులను తలంచుకొనుడి. ద్రాక్షతోటలో పని చేయుమని తండ్రి అడుగగా ఒకడు పోనని చెప్పి, పిమ్మట మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు మర్యాదగా పోదునని చెప్పి పోలేదు. "మాటలు కోటలు దాటును, కాళ్ళు గడప దాటవు" అను సామెత రెండవవానికి తగియున్నది. చిత్తము నాలుకమీద నివసించదు, కాళ్ళలోను చేతులలోను నివసించును.

ఇంగ్లీషు సంఘమువారి సామాన్య ప్రార్థన గ్రంథము 1549లో మొదట వెలువడెను. అందలి వివాహక్రమములో, ఈ స్త్రీని భార్యగా స్వీకరించి, వ్యాధియందును ఆరోగ్యమందును ప్రేమించి కాపాడుదువా అని గురువు అడుగును. వరుడు చెప్పవలసిన జవాబు ఈ "విల్" అను మాటతోనే యుండును. వధువు జవాబును అదే. ఆ దినమున వారి మనస్సు ఎంత సంతోషముగా ఉన్నదని అక్కడ ఎవరును అడుగరు. పెండ్లినాటి సంతోషము పందిరి ఆకులవలె వాడును. రోగము వచ్చిన దినమున, పంట పోయిన దినమున, కోపము వచ్చిన దినమున కూడ నిలుచు నిశ్చయము గలదా అని అడుగుదురు. ప్రేమ మనకు కలుగు భావము మాత్రమే కాదు, మనము చేయు నిశ్చయము కూడ.

యోహాను సువార్త 7:17 కూడ ఈ సంగతినే నేర్పుచున్నది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ వచనమునందు ఈ మాట రెండుసార్లు వచ్చును. ఒకటి కోరుట, రెండవది దేవుని చిత్తము. నేటి ఇంగ్లీషు చదువరి మొదటిదానిని వట్టి భవిష్యత్కాలమనుకొని దాటిపోవును. మన తెలుగు అనువాదకులు దానిని నిశ్చయముగా గ్రహించి వ్రాసిరి. దేవుని చిత్తము చేయ నిశ్చయించుకొనినవానికే ఆయన బోధ తెలియునని ప్రభువు భావము. మనము, "ముందు నాకు తెలియజేయుము, తరువాత చేయుదునో లేదో చూతును" అందుము. ఆయన, "ముందు చేయ నిశ్చయించుకొనుము, తరువాత తెలియును" అనుచున్నాడు.

4. వీలునామా

ఇక మన ఇండ్లలోనికి వచ్చిన అర్థమును చూతము. మనుష్యుని చిత్తము వాని శ్వాసతో ఆగిపోవును. అయినను వాని మాట వెనుక నిలుచుటకు చట్టము ఒక మార్గము చూపినది. అదే వీలునామా.

లూకా 12వ అధ్యాయములో ఒకడు ప్రభువు నొద్దకు వచ్చి, పిత్రార్జితములో తన పాలు ఇప్పింపుమని అడిగెను. ప్రభువు పంపకము చేయలేదు, ఒక ధనవంతుని ఉపమానము చెప్పెను. వాని పొలము బాగుగ పండినది. వాడు తనతో తాను మాటలాడుకొనుచు, కొట్లు విప్పుదును, పెద్దవి కట్టుదును, ధాన్యము నింపుదును అని వరుసగా "విల్, విల్" అని లెక్కపెట్టెను. ఆ రాత్రియే వాని ప్రాణము అడుగబడెను. అప్పుడు దేవుడు అడిగిన ప్రశ్న, వాడు సిద్ధపరచినవి ఎవరివగును అని. వాని నోట అన్ని "విల్"లు ఉండెను గాని, కాగితముమీద ఒక్క "విల్" లేదు!

నేనెరిగిన యొక గ్రామములో రెండెకరముల మాగాణి గల సంఘపెద్ద యొకడుండెను. పెద్దకుమార్తె విధవయై ఇద్దరు బిడ్డలతో తండ్రి యింటనే యుండెను. ఆమెకు అరయెకరము వ్రాయవలెనని అతని కోరిక. "వ్రాస్తాను అయ్యగారూ, ఈ నూర్పుడు కానీయండి" అనెను. నూర్పు అయ్యెను, మనుమని పెండ్లి అడ్డము వచ్చెను, పెండ్లి అయ్యెను, కంటి ఆపరేషను అడ్డము వచ్చెను. ఒక తెల్లవారుజామున అతడు నిద్రలోనే ప్రభువునందు నిద్రించెను. సమాధియొద్ద మన్ను ఆరకమునుపే కుమారులిద్దరు కొలత తాడు పట్టుకొనిరి. అక్కకు అరయెకరము ఇయ్యవలెనని తండ్రి చెప్పినట్లు తమకు తెలియదనిరి. వృద్ధురాలైన తల్లి నెలకొక యింట భోజనము చేయవలసి వచ్చెను. ఆదివారమున ఒక కుమారుడు గుడికి కుడిప్రక్కను, రెండవవాడు ఎడమప్రక్కను కూర్చుండిరి. ప్రభురాత్రి భోజనపు బల్ల వారి మధ్యను ఉండెను. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. అతని కోరిక మంచిదే. అయితే అది "వ్రాస్తాను" అను మాటలో నిలిచిపోయి వ్రాతలోనికి రాలేదు.

కాబట్టి మీ కాపరినై కొన్ని సంగతులు స్పష్టముగా చెప్పుచున్నాను. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము ప్రకారము, మతిస్థిమితముగల వయోజనుడు ఎవడైనను వీలునామా వ్రాయవచ్చును. దానికి స్టాంపు కాగితము అవసరములేదు. వ్రాసినవాడు సంతకము గాని వేలిముద్ర గాని వేయవలెను. కనీసము ఇద్దరు సాక్షులు అది చూచి, అతని యెదుట సంతకము చేయవలెను. ఆస్తి పొందువాడు గాని వాని భార్య గాని సాక్షిగా ఉండరాదు. ఉన్నయెడల వారికి వ్రాసినది చెల్లదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, అయినను చేయించుట వివాదములను తగ్గించును. బ్రదికియున్నంత కాలము దానిని మార్చవచ్చును. వ్రాసిన తరువాత వివాహము చేసికొన్నచో పాతది రద్దగును, క్రొత్తది వ్రాయవలెను. వీలునామా లేనియెడల, భార్యకు మూడవవంతు, తక్కినది బిడ్డలకు సమానముగా పోవును. ఆ చట్టములో కుమారునికిని కుమార్తెకును భేదము లేదు. చట్టము కుమార్తెను బిడ్డగా ఎంచుచుండగా, పెండ్లిలో చీరపెట్టితిమి గదా అని క్రైస్తవ సహోదరులు ఆమె పాలు ఎగవేయుట సిగ్గుకరము కాదా?

దగ్గరి బంధువులు గల క్రైస్తవుడు ధర్మకార్యములకు ఆస్తి వ్రాయుటకు ఆ చట్టములోని 118వ సెక్షను గట్టి నిబంధనలు పెట్టియుండెను. 2003లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. దేవుని పనికి ఇయ్యగోరువారు ఈ సంగతి తెలిసికొనవలెను. అయితే మందిరమునకు వ్రాసి విధవరాలైన కుమార్తెను వీధిలో విడుచుట దేవునికి ప్రీతికరము కాదు. కొర్బాను అని చెప్పి తలిదండ్రులను విడిచినవారిని గూర్చి ప్రభువు పలికిన మాట (మార్కు 7:11) మరువరాదు.

మనుష్యుని వీలునామా వాని హృదయమును బయలుపరచును. 1867లో డైనమైటును కనిపెట్టి దానివలన గొప్ప ధనవంతుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895 నవంబరు 27న పారిసులో తన చివరి వీలునామామీద సంతకము చేసెను. వకీలు సహాయము లేకుండ తానే వ్రాసికొనిన దానిలో, తన ఆస్తిలో చాల భాగము మానవజాతికి మేలు చేసినవారికి ఏటేట బహుమానముగా ఇయ్యవలెనని యుండెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 10న అతడు చనిపోయెను. 1901 మొదలు ఆ బహుమానములు ఇయ్యబడుచున్నవి. మనకు అతని ధనములేదు. అయినను, "నేను పోయిన తరువాత ఎవరికి మేలు కలుగవలెను?" అను ప్రశ్న రెండెకరములవానికిని, రెండు గొఱ్ఱెలదానికిని సమానమే. మన ప్రభువునకు వ్రాయుటకు పొలముగాని ఇల్లుగాని లేదు. ఆయన తన సమాధానమును శిష్యులకు విడిచిపోయెను (యోహాను 14:27). హెబ్రీ పత్రిక తొమ్మిదవ అధ్యాయము ఆయన మరణమును మరణశాసనముతో పోల్చి చెప్పుచున్నది. వ్రాసినవాడు మరణించెను, మరల లేచి, వ్రాసినది నెరవేర్చుటకు తానే సజీవుడైయున్నాడు. ఇట్టి వీలునామా లోకములో మరియొకటి లేదు.

5. దేవునిమీద మోపు నేరము

ఈ మాటతో మనము చేయు గొప్ప తప్పిదము ఒకటి కలదు. మన నిర్లక్ష్యమును "దేవుని చిత్తము" అని పిలుచుట. బిడ్డకు టీకాలు వేయింపలేదు, జ్వరము వచ్చి నాలుగు దినములైనను ఆసుపత్రికి తీసికొనిపోలేదు, బిడ్డ చనిపోయెను. "దేవుని చిత్తం, ఏమి చేస్తాము?" అందురు. త్రాగి ట్రాక్టరు నడిపి కాలువలో పడవేసి నలుగురిని చంపినను అదే మాట. చిన్నవారిలో ఒకడైనను నశించుట పరలోకపు తండ్రి చిత్తము కాదని ప్రభువు స్పష్టముగా చెప్పెను (మత్తయి 18:14). ఆయన వద్దనిన దానిని ఆయన చిత్తమని చెప్పుట ఆయన పేరుమీద దొంగ సంతకము చేయుటయే గదా!

అయితే ఎంత జాగ్రత్తపడినను వచ్చు దుఃఖములు గలవు. అట్టి యింటిలోనికి పోయి, "ఇది దేవుని చిత్తము, ఏడువకుడి" అని తొందరపడి చెప్పవద్దు. లాజరు సమాధియొద్ద ప్రభువు మొదట కన్నీళ్ళు విడిచెను. దేవుని చిత్తమునకు అర్థము మనకు తెలియనిచోట, ఏడ్చువారితో ఏడ్చుటయే మనకు తెలిసిన ఆయన చిత్తము. న్యాయముగా నడుచుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సు కలిగియుండుట అని మీకా ప్రవక్త చెప్పినవాటిని చేయుచున్నవాడు, తెలియని మార్గమునకు కూడ వెలుగు పొందును.

6. "చిత్తము"

మన తెలుగు బైబిలు అనువాదకులు ఈ ఇంగ్లీషు మాటకు "చిత్తము" అని పెట్టిరి. ఇది ఎంత తగిన మాటయో చూడుడి. పూర్వము పెద్దలు ఆజ్ఞాపించినప్పుడు సేవకుడు "చిత్తము" అనెడివాడు. "మీ మనస్సు ఎట్లో అట్లే" అని దాని భావము. ఇంగ్లీషువాడు "ఐ విల్" అన్నచో తన చిత్తమును ముందుకు తెచ్చును. తెలుగు సేవకుడు "చిత్తము" అన్నచో ఎదుటివాని చిత్తమును ముందు నిలుపును.

మనలో అనేకుల తాతముత్తాతలు ఆ మాటను భూస్వామి వాకిట చేతులు కట్టుకొని, తువ్వాలు చంకన పెట్టుకొని పలుకవలసి వచ్చెను. అది ప్రేమతో చెప్పిన మాట కాదు, ఆకలితో చెప్పిన మాట. అయితే సువార్త వచ్చినప్పుడు ఏమి జరిగెను? 1866లో జాన్ ఎవరెట్ క్లౌగారు ఒంగోలు చేరిన తరువాత, ఆ చుట్టుపట్ల మాదిగపల్లెలలో విశ్వసించినవారికి మూడు నియమములు ఏర్పడినవి: ఆదివారమున పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. ఊరిపెద్దలు ఆదివారమున పనికి పిలిచినప్పుడు, తరతరములుగా "చిత్తము" అనిన నోరు మొదటిసారి "కాదు" అన్నది. పని పోయినను, పెద్దల కోపము వచ్చినను నిలిచిరి. దేవునికి "చిత్తము" అని చెప్పినవాడే, మనుష్యుడు అన్యాయముగా ఆజ్ఞాపించినప్పుడు "కాదు" అని చెప్పగలడు. కాబట్టి దేవుని చిత్తమునకు లోబడుట బానిసతనము అనుకొనవద్దు. అది బానిసతనమును విప్పిన తాళపుచెవి.

గెత్సేమనేలో మన ప్రభువు మోకాళ్ళూనియున్న స్థలమునకు వచ్చి ఈ మాటను ముగింతము. ఆయన గిన్నెను త్రాగుటకు సంతోషపడినట్లు నటింపలేదు. అది తొలగిపోవలెనని కోరి, ఆ కోరికను తండ్రికి చెప్పెను. ఆయనకు మనవంటి మానవచిత్తము ఉండెను. ఏడవ శతాబ్దమున కొందరు, క్రీస్తునకు దైవచిత్తము తప్ప మానవచిత్తము లేదని బోధించిరి. చక్రవర్తి ఆ బోధకు అనుకూలుడై యుండెను. మాక్సిమసు అను వృద్ధ సన్యాసి దానికి ఒప్పుకొనలేదు. 662లో అతని నాలుకను, కుడిచేతిని కోసి, దూరదేశమునకు వెళ్ళగొట్టిరి. ఆ సంవత్సరమే అతడు చనిపోయెను. 680, 681 సంవత్సరములలో కాన్‌స్టాంటినోపిలులో కూడిన సభ, క్రీస్తునందు రెండు చిత్తములు గలవనియు, మానవచిత్తము దైవచిత్తమునకు లోబడెననియు తీర్మానించెను.

ఒక్క సిద్ధాంతమునకై ఇంత బాధ ఎందుకని అడుగుదురేమో. ఆయనకు మానవచిత్తము లేనియెడల గెత్సేమనేలో చెమట ఎందుకు? లోబడుటకు ఏమియు లేనివాడు మనకు ఎట్లు మాదిరి యగును? "నాకిది ఇష్టములేదు" అని కన్నీళ్ళతో చెప్పు మనకు, ఆ మాటను ముందుగా చెప్పి, దానిని తండ్రి చేతిలో పెట్టినవాడు తోడుగానున్నాడు.

ప్రియులారా, ఈ వారమంతయు మీ నోట "వస్తాను", "ఇస్తాను", "చేస్తాను", "వ్రాస్తాను" అను మాటలు ఎన్నిమార్లు వచ్చునో గమనించుడి. ప్రతి దానిలోను ఒక చిత్తము దాగియున్నది. అప్పు తీర్చుదునని చెప్పియుంటిరా? తీర్చుడి. సహోదరునితో సమాధానపడుదునని చెప్పియుంటిరా? సూర్యుడస్తమింపకమునుపే పోవుడి. వీలునామా వ్రాయవలసియున్నదా? ఇద్దరు సాక్షులను పిలిచి ఈ నెలలోనే వ్రాయుడి. ఆ తరువాత ప్రభువు నేర్పిన ప్రార్థనలో మూడవ మనవి వచ్చినప్పుడు తొందరపడి దాటిపోక, ఒక్క క్షణము ఆగి, ఆయన యెదుట ఇంటి సేవకునివలె గాక ఇంటి బిడ్డవలె నిలిచి, "చిత్తము, తండ్రీ" అని పలుకుడి.